ఇశ్రాయేలుకు చెప్పిన కథ

ఇశ్రాయేలు మంచం పట్టిన ఏడాది వాడి అక్క రాహేలు ఎనిమిదో తరగతి చదువుతోంది. వాడికి ఎనిమిదేండ్లు. ముందు మోకాళ్లు వాచాయి, తర్వాత జ్వరం వచ్చింది. జ్వరం పోయాక కూడా రెండు మెట్లెక్కితే చాలు, కుక్కపిల్లలా రొప్పేవాడు. సర్కారు దవాఖానలో డాక్టరు వాడి ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. కీళ్లజ్వరం గుండెకు తగిలిందన్నాడు. పరుగెత్తొద్దు, మెట్లెక్కొద్దు, బడికి పంపొద్దు, పండబెట్టే ఉంచాలన్నాడు. ఎన్ని దినాలని తల్లి చంద్రమ్మ అడిగితే జవాబు చెప్పకుండా మందుల చీటీ రాయడం మొదలుపెట్టాడు.

వాళ్లది లాల్‌దర్వాజాలో కిరాయి ఇల్లు. ఇంటామె సక్కుబాయి పాలమ్ముకొని బతికేది. వాకిలికి ఆ పక్కన ఆమె బర్రెల కొట్టం, ఈ పక్కన వీళ్ల రెండు గదులు, వెనక చిన్న వంటిల్లు. గదుల నడుమ తలుపు లేదు, చంద్రమ్మ పాత చీర పరదాగా వేలాడేది. ముందు గదిలో తండ్రి ప్రకాశం బల్ల, కుర్చీ. లోపలి గదిలో కిటికీ పక్కన ఇశ్రాయేలు మంచం. కిటికీలోంచి చూస్తే కొట్టం తప్ప ఇంకేమీ కనిపించదు.

ప్రకాశం సర్కారు ఫ్యాక్టరీలో స్టోర్స్ గుమాస్తా. ఫ్యాక్టరీ బస్సులో పోయి, సెకండ్ షిఫ్టు పడిన వారాల్లో తప్ప సాయంత్రానికి ఫ్యాక్టరీ బస్సులో వచ్చేవాడు. వచ్చి, కాళ్లు కడుక్కొని, చాయ్ తాగి బల్ల ముందు కూర్చునేవాడు. పిల్లల పత్రికలకు కథలు రాయడం ఆయన పిచ్చి. అబద్ధమాడి చెడిన నక్క, పెద్దల మాట వినని కుందేలు, ఇట్లాంటివి. చాలామట్టుకు తిరిగొచ్చేవి. అప్పుడప్పుడు ఒకటి అచ్చయ్యేది. చర్చిలో అందరూ ఆయనను రచయితగారు అని పిలిచేవాళ్లు. ఆ పిలుపు విన్న ఆదివారం ఇంట్లో ఆయన అందరితో మంచిగా మాట్లాడేవాడు.

సాయంత్రం గల్లీలో పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు వినిపిస్తే ఇశ్రాయేలు గోడ వైపు తిరిగి ఏడ్చేవాడు. ఏడిస్తే రొప్పు వచ్చేది. వాడి ఏడుపు ఆపడానికే రాహేలు కథ మొదలుపెట్టింది. ఎదురుగా కనిపించేది బర్రెలే కాబట్టి కథ కూడా బర్రెదే. సక్కుబాయి బర్రెల్లో ముసలిది ఒకటి ఉంది. దానికి ఒక కొమ్ము వంకర. గల్లీలో నడిస్తే సైకిళ్లు, రిక్షాలు, బండ్లు అన్నీ పక్కకు జరగాల్సిందే, అది మాత్రం అంగుళం జరగదు.

"తాసిల్దారు లెక్క నడుస్తది," అన్నాడు ఇశ్రాయేలు ఒకరోజు. అప్పటి నుంచి దాని పేరు తాసిల్దారు.

బడి నుంచి రాగానే పుస్తకాల సంచి మూలకు పెట్టి రాహేలు వాడి కాళ్ల దగ్గర కూర్చునేది.

"ఇయ్యాల తాసిల్దారు ఎటు వోతది?"

"బేగంబజార్."

"ఎందుకు?"

"బెల్లం తినాలె."

తాసిల్దారు తాడు తెంపుకొని బేగంబజార్ పోయింది. బెల్లం దుకాణం ముందు బస్తాలు తూచే పెద్ద కాంటా ఉంటే దాని మీదికెక్కి నిలబడింది. హమాలీలు తోశారు, కదలలేదు. సేటు వచ్చి దండం పెట్టాడు, కదలలేదు. పొద్దుపోతోంది, గిరాకీ ఆగింది. చివరకు సేటు తలపట్టుకొని, చల్ భాయ్, ఇయ్యాల్టికి బర్రెతోనే తూకం వెయ్యండి అన్నాడు. ఒక బర్రె బెల్లం. అర బర్రె చింతపండు. కొసరు కింద ఒక కొమ్ము ఎండుమిరపకాయలు.

ఇశ్రాయేలు నవ్వీ నవ్వీ దమ్ము తిప్పుకోలేక కళ్లు తేలేశాడు. వంటింట్లోంచి చంద్రమ్మ ఉరికొచ్చి వాడి వీపు రాసింది. "చంపుతవానే వాన్ని," అని కూతుర్ని తిట్టింది. వాడు రొప్పుతూనే, "అటెన్క?" అన్నాడు.

పరదా అవతల నుంచి ప్రకాశం, "జర మెల్లగ. పని చేసుకుంటున్న," అన్నాడు.

ఆయన ఇంట్లో ఉంటే ఆ మాట రోజూ ఉండేదే. రాహేలు గొంతు తగ్గించేది. కాసేపటికి వాడే మళ్లీ పెంచేవాడు. ఆమె చెప్పేది సగం, వాడు చెప్పించేది సగం. తాసిల్దారు ఒకరోజు బార్కస్ జామతోటలకు పోయింది. అక్కడ లుంగీ కట్టుకున్న ముసలాయన కర్ర పట్టుకొని కాపలా ఉన్నాడు. ఎవరు నువ్వు అని ఉర్దూలో గద్దించాడు. తాసిల్దార్ అంది బర్రె. ముసలాయన కర్ర కింద పడేసి, ఆదాబ్ సాబ్ అని బుట్టెడు జామకాయలు ముందు పెట్టాడు. అప్పటి నుంచి ఇద్దరికీ దోస్తీ. ఆయన తన కోడళ్ల మీద చాడీలు చెప్పేవాడు, బర్రె తలూపేది.

చీకటి పడేసరికి చంద్రమ్మ గంజి తెచ్చేది. కథ ఆపాలి.

"ఇగ తాసిల్దారు ఇంటికొచ్చింది అందామా?"

"వద్దు. ఇంటికి రానియ్యకు."

"సక్కుబాయమ్మ ఎదురుచూస్తది గదరా."

"వస్తె కట్టేస్తరు," అన్నాడు ఇశ్రాయేలు.

రాహేలు వాడి కాళ్ల మీద దుప్పటి సర్దింది. ఆ రోజు తాసిల్దారును మూసీ ఒడ్డున పండబెట్టింది. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఇంటికి తెచ్చి కట్టేయలేదు.

మరుసటేడు వానలు పడుతుండగా ఇశ్రాయేలు కాళ్లు మళ్లీ వాచాయి. దవాఖానకు తీసుకుపోయారు. ఈసారి తిరిగి తీసుకురాలేదు. పాస్టరుగారు సమాధి దగ్గర ప్రార్థన చేస్తున్నంతసేపు ప్రకాశం కొడుకు చెప్పులు చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. ఎందుకు తెచ్చాడో ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత ఆ ఇంట్లో మాటలు తగ్గాయి. చంద్రమ్మ పొయ్యి ముందు కూర్చుంటే అన్నం మాడిన వాసన వచ్చేదాకా లేచేది కాదు. రాహేలు కిటికీ తలుపు మూసేసింది. ప్రకాశం సెలవు పెట్టి చాలా రోజులు గోడ చూస్తూ కూర్చున్నాడు. తర్వాత రాయడం మొదలుపెట్టాడు. ఇంతకుముందులా ఒక పేజీ రాసి రెండు పేజీలు చింపడం కాదు, ఎవరో చెప్తుంటే రాసినట్టు ఆగకుండా రాశాడు. అన్నానికి పిలిస్తే వచ్చేవాడు కాదు. చంద్రమ్మ చాయ్ తీసుకపోయి బల్ల మీద పెట్టి చప్పుడు కాకుండా వచ్చేది.

"ఏం రాస్తున్నడే?" అని రాహేలు అడిగితే, "ఏదో రాసుకోనియ్యి. రాస్తె బతుకుతడు," అంది.

అచ్చయిన పుస్తకాలు వైకుంఠం తెచ్చాడు. వైకుంఠం పుస్తకాల దుకాణం నడుపుతూ, ఏడాదికి నాలుగైదు పిల్లల పుస్తకాలు అచ్చు వేసేవాడు. స్కూటర్ వెనక కట్ట కట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. అట్ట మీద బర్రె బొమ్మ. కొమ్ములు రెండూ సరిగ్గా ఉన్నాయి. పుస్తకం పేరు 'బుద్ధి తెచ్చుకున్న గంగ'.

రాహేలు ఒకటి తీసుకొని లోపలి గదిలో కూర్చుంది. మొదటి పేజీలో రెండే వరుసలు: 'నేను చెప్పే కథలు వింటూ కన్నుమూసిన నా చిన్నారి ఇశ్రాయేలుకు, కన్నీటితో, నాన్న.'

ఆమె ఆ పేజీ తిప్పి మిగతాది చదివింది. కాంటా ఉంది. జామతోట ఉంది. మూసీ ఒడ్డు ఉంది. అన్నీ ఉన్నాయి గాని ఏదీ ఉన్నట్టు లేదు. బేగంబజార్ 'నగరమందలి అంగడి' అయింది. బార్కస్ ముసలాయన పేరు లేని తోటమాలి అయి, బర్రెకు దొంగతనం తప్పని నీతి చెప్పాడు. ఒక బర్రె బెల్లం, అర బర్రె చింతపండు లేవు. ఆ చోట, 'ఓ గంగా, నీవు చేసిన పని ఉచితమేనా?' అని సేటు అడుగుతున్నాడు. చివర్లో వానలో తడిసి, ఆకలితో మాడి, గంగకు బుద్ధి వస్తుంది. ఇంటికొచ్చి కట్టుకొయ్య దగ్గర నిలబడి తనే తాడులో తల దూరుస్తుంది. కట్టుబాటులోనే సుఖమున్నదని తెలుసుకుంటుంది. కథలో అక్క లేదు.

ప్రకాశం ముందు గదిలో పుస్తకాల మీద సంతకాలు పెడుతున్నాడు. రాహేలు పరదా జరిపి నిలబడింది.

"బాపూ, ఇది నేను చెప్పింది."

"ఏది?"

"ఈ కథ. తమ్మునికి నేను చెప్పిన."

ప్రకాశం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు చెప్పింది కథ గాదు బిడ్డా, ముచ్చట. దానికి మొదలు లేదు, ఆఖరు లేదు. నేను దాన్ని కథ చేసిన."

"మరి నువ్వు చెప్పినవని ఎందుకు రాసినవు?"

"ఇంట్ల ఎవ్వరు చెప్తె ఏంది? వాడు నా కొడుకు గాదా?"

"నీ కొడుకే. గని నువ్వు చెప్పలే. జర మెల్లగ అన్నవు."

ప్రకాశం చేతిలో కలం ఆగింది. ఆయన కూతుర్ని కొట్టలేదు, తిట్టలేదు. కలం మూత పెట్టి, చెప్పులేసుకొని బయటికి పోయాడు.

అన్నీ విన్న చంద్రమ్మ వంటింటి గడప మీద కూర్చుంది. "గట్ల ఎట్లంటవే? ఆయన పానం ఎట్లుంటది?"

"నీకు తెల్సు గద అమ్మా, ఎవరు చెప్పిండ్రో."

"తెల్సు."

"మరి?"

"తెల్సి ఏం జెయ్యాలె చెప్పు. నీకు ముందర బతుకున్నది. ఆయనకు ఇగ ఇదొక్కటే ఉన్నది."

నాలుగైదు నెలలకు ఒక కబురొచ్చింది. పిల్లల కోసం, ఎదిగే వయసు వాళ్ల కోసం రాసిన పుస్తకాలకు బహుమతి ఇచ్చే సాహిత్య సంస్థ ఒకటి నగరంలో ఉండేది. ఆ ఏడాది ఆఖరి పరిశీలనకు నిలిచిన మూడు పుస్తకాల్లో ప్రకాశం పుస్తకం ఒకటి. వైకుంఠం మిఠాయి డబ్బాతో వచ్చాడు. పేపర్లో ప్రకాశం ఫోటో పడింది. 'డ్యూటీ నుంచి ఎంత అలసి వచ్చినా నా బిడ్డ మంచం పక్కన కూర్చుని కథ చెప్పనిదే అన్నం ముట్టేవాణ్ణి కాదు' అని ఆయన చెప్పినట్టు రాశారు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఆ ముక్క పైకి చదివారు. ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. చంద్రమ్మ కూడా ఏడ్చింది. రాహేలు తల్లి ముఖం వైపే చూస్తూ కూర్చుంది. ఆ ఏడుపు కొడుకు కోసమా, మొగుని కోసమా, అబద్ధానికా అన్నది ఆమెకు అంతుపట్టలేదు.

ఆ సాయంత్రం ఆమె కొట్టంలోకి పోయింది. సక్కుబాయి బకెట్ మోకాళ్ల నడుమ పెట్టుకొని పాలు పిండుతోంది.

"సక్కుబాయమ్మా, నువ్వు విన్నవు గద. మా తమ్మునికి కథలు ఎవరు చెప్పేటోళ్లు?"

"నువ్వే చెప్పేటిదానివి. పాలు పిండుకుంట నవ్వేదాన్ని నేను. నా బర్రెకు తాసిల్దారని పేరు పెట్టిండ్రు గద మీరు."

"ఒక్కసారి బాపుతోని ఆ మాట చెప్పు."

సక్కుబాయి చేతులు ఆగలేదు. "తండ్రీబిడ్డల నడుమ నేనెందుకు వస్త బిడ్డా? మొగోని పేరు పేపర్ల పడ్డది. కొడుకును మట్టిల పెట్టినోడు. ఇంటి లొల్లి ఇంట్లనే ఉండనియ్యి. నువ్వు చెప్పినవని నీకు తెల్సు, నాకు తెల్సు, పైనున్న వానికి తెల్సు. ఇంకెవ్వరికి తెల్వాలె?"

ఎవ్వరికి తెల్వాలో రాహేలుకూ తెలియదు. కాని తెలియకపోతే ఊపిరాడనట్టు ఉంది.

బహుమతి ప్రకటించడానికి ముందు సంస్థవాళ్లు ఒక సభ పెట్టారు. ముగ్గురు రచయితలూ వచ్చి బడిపిల్లల ముందు తమ పుస్తకంలోంచి కొంత చదవాలి. కుటుంబాలను కూడా తీసుకురమ్మన్నారు. చంద్రమ్మ తలనొప్పి అని ఆగిపోయింది. రాహేలును తండ్రి వెంట తీసుకుపోయాడు. పోయేటప్పుడు బస్సులో కిటికీ సీటు ఆమెకిచ్చి, "మంచిగ కూసో. వాళ్లు ఏమన్న అడిగితె నవ్వు, చాలు," అన్నాడు.

హాలునిండా జంపఖానాలు పరిచి పిల్లలను కూర్చోబెట్టారు. న్యాయనిర్ణేతల్లో పెద్దామె రుక్మిణమ్మ, రిటైరైన ప్రధానోపాధ్యాయిని. తెల్లచీర, మెత్తటి మాట. ప్రకాశాన్ని చూడగానే లేచి నమస్కారం పెట్టింది. మీ పుస్తకం చదువుతూ రెండుసార్లు ఆగిపోయానండీ, కన్నీళ్లు ఆగలేదు అంది. ఆమె నిజంగానే అంటోందని రాహేలుకు అర్థమైంది.

ప్రకాశం కాంటా అధ్యాయం చదివాడు. గొంతు బాగుంటుంది ఆయనకు. చర్చిలో వాక్యం చదివినట్టు స్పష్టంగా, మెల్లగా చదివాడు. పిల్లలు బుద్ధిగా విన్నారు. ఇశ్రాయేలు నవ్విన చోట ఒక్కరు కూడా నవ్వలేదు. నవ్వడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. చదవడం అయ్యాక ముందు వరుసలో ఒక పిల్ల లేచి, "సార్, బర్రె ఇంటికెందుకు వచ్చింది?" అని అడిగింది.

"ఎక్కడ తిరిగినా చివరకు మన ఇల్లే మనకు క్షేమం అని తెలుసుకుంది కనుక," అన్నాడు ప్రకాశం.

ఆ పిల్ల కూర్చుంది. అప్పుడు రుక్మిణమ్మ రాహేలును చూసి చెయ్యి చాచింది. "రామ్మా. నువ్వు కూడా నాన్నగారి కథలు వింటూ పెరిగినదానివే కదా. ఈ పిల్లలకు రెండు మాటలు చెప్పు."

రాహేలు మైకు దగ్గరికి పోయింది. నవ్వితే చాలు. ఒక క్షణం నవ్వుదామనే అనుకుంది. ఆ పిల్ల ఇంకా తననే చూస్తోంది.

"కథలు బాపు చెప్పలేదు," అంది. "మా తమ్మునికి నేను చెప్పిన."

మైకు చేతిలోకి తీసుకుంది.

"బర్రె పేరు గంగ గాదు. తాసిల్దారు."

ఎక్కడో ఒక పిల్లవాడు కిసుక్కుమన్నాడు. వాడి పక్కవాడు నవ్వాడు. ఆ రోజు ఆ హాల్లో పిల్లలు నవ్వడం అదే మొదలు. రాహేలుకు ఒంట్లోకి ఏదో వచ్చినట్టయింది. మైకు గట్టిగా పట్టుకుంది. "అది బేగంబజార్ల కాంటా ఎక్కింది. దిగమంటె దిగలే. ఇగ సేటు ఏమన్నడంటె, చల్ భాయ్, బర్రెతోనే తూకం వెయ్యండి అన్నడు. ఒక బర్రె బెల్లం, అర బర్రె చింతపండు..."

వరుసలకు వరుసలు నవ్వాయి. ముందున్న పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని ఊగిపోయింది. "అటెన్క?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

ఇంతలో ఒక చెయ్యి ఆమె తల మీద పడింది. ప్రకాశం వచ్చి పక్కన నిలబడ్డాడు. కోపంగా లేడు. మైకు ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు.

"క్షమించాలి," అన్నాడు. "తమ్ముడు పోయినప్పటి నుంచి మా అమ్మాయి ఇట్లాగే అంటూ ఉంది. వాడికి తనే కథలు చెప్పానని నమ్ముతుంది. మేము కాదనడం లేదు. దయచేసి ఎవరూ ఏమీ అనుకోవద్దు."

చివరి మాట దగ్గర ఆయన గొంతు జీరబోయింది. అది నటన కాదు. అందుకే హాల్లో ఉన్న పెద్దవాళ్లందరూ ఆయననే నమ్మారు. టీచర్లు కళ్లొత్తుకున్నారు. పిల్లలను ఊరుకొమ్మని సైగ చేస్తే వాళ్లు తప్పు చేసినట్టు తలలు దించుకున్నారు. రుక్మిణమ్మ వచ్చి రాహేలును దగ్గరికి తీసుకుంది. "ఏడువమ్మా. ఏడిస్తే కొంత తగ్గుతుంది," అంది.

రాహేలుకు ఏడుపు రావడం లేదు. "నేను నిజం చెప్తున్న మేడం," అంది, రుక్మిణమ్మ చీరలో ముఖం ఉండగానే.

"అవునమ్మా, అవును," అని రుక్మిణమ్మ వీపు నిమిరింది. ఎవరో గ్లాసులో షర్బత్ తెచ్చిచ్చారు. ఫ్యాన్ కింద కుర్చీ వేశారు. తిడితే ఎదురు చెప్పొచ్చు, కొడితే పారిపోవచ్చు. అంత మంచిగా చూసుకునేవాళ్లను ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు. షర్బత్ తాగింది.

తిరిగొచ్చేటప్పుడు తండ్రీకూతుళ్లు బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. దిగేముందు రాహేలు అడిగింది. "బాపూ, నాకు పిచ్చి అన్నవు గద."

"పిచ్చి అనలేదు."

"మరేమన్నవు?"

ప్రకాశం టికెట్లు చిన్నచిన్న ముక్కలుగా చింపుతూ కూర్చున్నాడు. స్టాపు వచ్చింది.

బహుమతి ఇంకో పుస్తకానికి వచ్చింది. ఆ మాట చెప్పడానికి వైకుంఠం మిఠాయి లేకుండా వచ్చాడు. సభలో జరిగిన గడబిడతో కమిటీవాళ్లు వెనకాముందు ఆడారని, లేకపోతే మనదేనని అన్నాడు. నిజమో, ఓదార్పో ఎవరికి తెలుసు. ఆయన పోయాక ప్రకాశం కూతురు వైపు చూశాడు.

"సంతోషమా?" అన్నాడు.

అంతే. ఆ తర్వాత చాలాకాలం ఆమెతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోయినా ఊరు మాట్లాడింది. చర్చిలో పాస్టరుగారి భార్య ఆమె చెయ్యి పట్టుకొని, ఇప్పుడు ఆరోగ్యం ఎట్లున్నదమ్మా అని అడిగేది. బడిలో టీచరు ఆమెను ప్రశ్నలడగడం మానేసింది. తోటి పిల్లలు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. తమ్ముడు పోయి పిల్లకు మనసు చెదిరిందట అన్న మాట లాల్‌దర్వాజా అంతా తిరిగి, మళ్లీ సక్కుబాయి వాకిలికే వచ్చింది. సక్కుబాయి విని ఊరుకుంది. రాహేలు ఒకటి గమనించింది: తను ఏం చెప్పినా జనం మొదట జాలిపడతారు, తర్వాత వింటారు. దాంతో చెప్పడమే తగ్గించింది.

పుస్తకం మాత్రం బాగానే పోయింది. రెండో ముద్రణ అట్ట మీద వైకుంఠం ఎర్ర అక్షరాలతో 'బహుమతి తుది పరిశీలనకు నిలిచిన నవల' అని వేయించాడు. చాలా బళ్ల లైబ్రరీలు కొన్నాయి. ఇంకొకటి రాయండి అని వైకుంఠం వెంటపడ్డాడు. ఆ బర్రెనే ఇంకో ఊరికి పంపించండి సార్, పిల్లలు అడుగుతున్నారు అన్నాడు. ప్రకాశం మళ్లీ బల్ల ముందు కూర్చున్నాడు. రోజులకు రోజులు కూర్చున్నాడు. చివరకు కష్టపడి ఒక ఉడుత కథ రాసిచ్చాడు. వైకుంఠం చదివి, చూద్దాం సార్ అని తిరిగిచ్చాడు.

రాహేలుకు నర్సు ట్రైనింగులో సీటొచ్చింది. హాస్టల్లో ఉండాలి. పోయేముందు ఆదివారం మధ్యాహ్నం ఆమె లోపలి గదిలో బట్టలు సర్దుకుంటోంది. ప్రకాశం పరదా జరుపుకొని లోపలికొచ్చి ఇశ్రాయేలు మంచం మీద కూర్చున్నాడు. అట్లా ఆయన ఆ మంచం మీద కూర్చోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. చాలాసేపు మంచం పట్టె మీద వేళ్లు ఆడించాడు.

"నేను సెకండ్ షిఫ్టుల ఉన్నప్పుడు," అన్నాడు. "అప్పుడు గూడ చెప్పేదానివి గద వానికి."

"ఆఁ."

"నేను ఇనని కథలు ఉంటయి."

రాహేలు చీర మడత పెడుతూ ఉంది.

"ఒక్కటి చెప్పు బిడ్డా."

ఆమె ఇంకో చీర తీసింది. ఆయనే మళ్లీ, "రాయనీకె గాదు," అన్నాడు.

ఆ మాట నిజమేమో. ఆయన ముఖం చూస్తే నిజమే అనిపించింది. తమ్ముడు కథ కోసం ఎదురుచూసినప్పుడు ఉండే ముఖం లాంటిదే తండ్రి ముఖం. ఆయన వినని కథలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి ఇశ్రాయేలు అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పించుకున్నది. అందులో తాసిల్దారు ఫ్యాక్టరీ బస్సెక్కి బాపు పనిచేసే దగ్గరికి పోతుంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపితే, ప్రకాశం సార్‌ను పిలువు, ఇంట్ల పిల్లగాడు యాది చేస్తున్నడు అంటుంది. తర్వాత ఆయనను వీపు మీద ఎక్కించుకొని, షిఫ్టు అయిపోకముందే తోలుకొస్తుంది. ఇంటికి రానియ్యకు అన్న పిల్లవాడు ఆ ఒక్క కథలో మాత్రం ఇంటిదాకా రానిచ్చాడు. బాపును దించి మళ్లీ ఉరకాలె అని షరతు పెట్టాడు.

అది చెప్తే తండ్రి ఏమవుతాడో రాహేలుకు తెలుసు. చెప్పకపోతే ఏమవుతాడో కూడా తెలుసు.

"లేవు," అంది. "అన్నీ నువ్వు విన్నయే."

"ఒక్కటన్న లేదా?"

"లేదు."

ప్రకాశం తలూపాడు. లేవలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. చంద్రమ్మ విన్నదని ఇద్దరికీ తెలుసు. ఆమె ఇవతలికి రాలేదు. రాహేలు పెట్టె మూసి గడియ పెట్టింది.

ఆయన ఇంకో పుస్తకం రాయలేదు. రిటైరు కాకముందే ఒకరోజు ఫ్యాక్టరీలో కుర్చీలోనే ఒరిగిపోయాడు. సమాధి రాయి మీద పేరు కింద 'రచయిత' అని ఉండాలని చంద్రమ్మ పట్టుబట్టింది. రాయి చెక్కే రోజు రాహేలు డ్యూటీకి సెలవు పెట్టి వచ్చింది. ఉలి దెబ్బకు ఒక్కో అక్షరం తేలుతుంటే పక్కనే నిలబడి చూసింది. వద్దనలేదు.

అప్పటికి ఆమె పిల్లల వార్డులో నర్సు. మందులు వేళకు ఇచ్చేది, సూది నొప్పి తెలియకుండా వేసేది. కథ చెప్పమని పిల్లలు అడిగితే నాకు రావు అనేది. ఒకసారి ఒక పిల్లవాడు మరీ మారాం చేస్తే ఫ్యాక్టరీ కథ చెప్దామని మంచం పక్కన కూర్చుంది. బర్రె బస్సెక్కడం గుర్తుంది. గేటు గుర్తుంది. వాచ్‌మన్ మొదట ఏమన్నాడో, దానికి ఇశ్రాయేలు ఏం చెప్పించాడో, ఎక్కడ అంతగా నవ్వేవాడో ఎంత తలుచుకున్నా రాలేదు. అడుగుదామంటే తమ్ముడు లేడు. పిల్లవాడు ఎదురుచూసి ఎదురుచూసి నిద్రపోయాడు.